కీమో కష్టాలకు చైనా వైద్యం: సూది సంగతి వేరు, కషాయం సంగతి వేరు

క్లుప్తంగా: రొమ్ము క్యాన్సర్‌కు కీమోథెరపీ తీసుకునేవారికి వికారం, నీరసం, తిమ్మిర్లు తగ్గడానికీ, పడిపోయిన రక్తకణాల సంఖ్య (కౌంట్లు) లేవడానికీ చైనా, తైవాన్, జపాన్‌లలో సంప్రదాయ వైద్యాన్ని తోడుగా వాడతారు. ఆక్యుపంక్చర్‌కు వికారం విషయంలో, కొంతవరకు నీరసం విషయంలో చెప్పుకోదగ్గ ఆధారాలున్నాయి. కషాయాలకు ఉన్న ఆధారాలు పలచన. పైగా అవి కీమో మందులతో కలిసి కాలేయం మీద, రక్తం మీద పనిచేయగలవు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే గందరగోళం ఎక్కువ.

రొమ్ము క్యాన్సర్ కీమోలో తరచూ వాడే డోక్సోరుబిసిన్ ఎర్రగా ఉంటుంది. సిరంజిలో షర్బత్‌లా కనిపించే ఆ మందును నర్సు తొందరపడకుండా నరంలోకి ఎక్కిస్తుంది. ఆ తర్వాత ఒకట్రెండు సార్లు మూత్రమూ ఎర్రగా వస్తుంది. మందు పొద్దున వెళ్తే సాయంత్రానికల్లా వికారం మొదలుకావచ్చు. పది రోజులు తిరిగేసరికి తెల్ల రక్తకణాలు అడుగంటుతాయి. మూడో వారానికి దువ్వెన పెడితే జుట్టు ఊడి వస్తుంది. సరిగ్గా ఆ మూడో వారం ముగిసేసరికి తర్వాతి డోసు తేదీ వచ్చి కూర్చుంటుంది.

ఈ మూడు వారాలు ఎలా గడపాలన్న ప్రశ్నకు బీజింగ్‌లోనో తైపేలోనో దొరికే జవాబు హైదరాబాద్‌లో దొరికే జవాబు కంటే కాస్త పొడుగ్గా ఉంటుంది. వాంతుల మాత్రలూ, కౌంట్లు పెంచే ఇంజక్షన్లూ అక్కడా ఇస్తారు. వాటికి తోడు మణికట్టు దగ్గర సూదులు, రోజుకు రెండు పూటలా కషాయం కూడా చీటీలో చేరవచ్చు. ‘చైనా వైద్యంతో కీమో బాధలన్నీ మాయం’ అనేవారూ, ‘అదంతా బూటకం’ అని కొట్టిపారేసేవారూ ఈ వైద్యాన్ని ఒకే వస్తువులా చూస్తారు. నిజానికి అది ఒకటి కాదు. సూది ఒక పద్ధతి, కషాయం మరో పద్ధతి, నరంలోకి ఎక్కించే మూలికా ఇంజక్షన్ ఇంకో పద్ధతి. వికారం, తిమ్మిర్లు, కౌంట్లు పడిపోవడం కూడా మూడు వేర్వేరు జబ్బుల్లాంటివి. ఏ పద్ధతి, ఏ బాధకు, దేనితో పోలిస్తే మేలు చేసింది అని విడదీసి అడిగితే తప్ప జవాబు రాదు.

డోసు తప్పకూడదన్నదే అసలు చిక్కు

2022లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 23 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడింది. అందులో చైనా వాటా 3.57 లక్షలు, భారత్‌ది 1.92 లక్షలు. వీరిలో చాలామందికి ఆపరేషన్‌కు ముందో తర్వాతో కీమో తప్పదు. మామూలు వరస ఇదీ: డోక్సోరుబిసిన్‌తో సైక్లోఫాస్ఫమైడ్ కలిపి నాలుగు సైకిళ్లు (ఒక డోసు నుంచి తర్వాతి డోసు దాకా ఒక సైకిల్), ఆ తర్వాత పాక్లిటాక్సెల్ లేదా డోసిటాక్సెల్.

దుష్ప్రభావాలు తగ్గించడం అంటే రోగికి కాస్త ఊరట కలిగించడమే అనుకుంటే పొరపాటు. ఇటలీలోని మిలాన్‌లో రొమ్ము క్యాన్సర్ కీమో తీసుకున్న మహిళలను 20 ఏళ్లపాటు గమనించి 1995లో ప్రచురించిన ఫలితాల్లో ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. అనుకున్న డోసులో కనీసం 85 శాతం అందుకున్నవారికే కీమో వల్ల స్పష్టమైన మేలు జరిగింది. వాంతులు తట్టుకోలేక ఒక సైకిల్ మానేసినా, కౌంట్లు లేవక రెండు సైకిళ్లు వెనక్కి జరిగినా, డోసు తగ్గించినా ఆ నష్టం బతుకు మీదే పడుతుంది. వికారం మాత్ర కూడా ఒక రకంగా క్యాన్సర్ మందే అని వైద్యులు అనడం ఇందుకే. చైనా వైద్యం తోడుగా ఉంటే సైకిళ్లు తప్పకుండా పూర్తవుతాయా అన్నది న్యాయమైన ప్రశ్నే.

దెబ్బ తగిలే చోట్లు

కీమో మందు త్వరగా విభజన చెందే కణాలను వెంటాడుతుంది. క్యాన్సర్ కణాలతో పాటు ఎముక మూలుగ, నోటి లోపలి పొర, పేగు గోడ, వెంట్రుకల కుదుళ్లు కూడా ఆ వరసలోనివే. కౌంట్లు పడిపోవడం, నోరు పూయడం, విరేచనాలు, జుట్టు రాలడం అన్నిటికీ మూలం అదే.

వికారం దారి వేరు. మందు తగలగానే పేగు గోడలోని కొన్ని కణాలు సెరొటోనిన్‌ను గుమ్మరిస్తాయి. అది పేగు నుంచి మెదడుకు వెళ్లే వేగస్ నాడిని గిల్లుతుంది. మెదడులోని వాంతి కేంద్రం మేలుకుంటుంది. మొదటి రోజు వాంతులకు ఇదే ముఖ్య కారణం. రెండో రోజు నుంచి వచ్చే వికారంలో ‘సబ్‌స్టెన్స్ పి’ అనే మరో రసాయనానిది పెద్ద పాత్ర. అందుకే ఇప్పటి వాంతుల మందుల్లో ఒకటి సెరొటోనిన్‌కు, ఒకటి సబ్‌స్టెన్స్ పి‌కి అడ్డుపడతాయి. వీటికి స్టెరాయిడ్ తోడవుతుంది, చాలాసార్లు ఒలాంజపైన్ కూడా.

పాక్లిటాక్సెల్ తెచ్చే తిమ్మిర్ల కథ ఇంకోటి. నాడీకణం పొడుగునా సరుకు మోసే సన్నటి పట్టాల్లాంటి నిర్మాణాలను ఈ మందు బిగదీసేస్తుంది. అందరికంటే దూరాన ఉన్న వేలికొసలకు, అరికాళ్లకు ముందుగా సరఫరా దెబ్బతింటుంది. జాకెట్టు హుక్కు తగిలించుకోలేకపోవడం, కాలి చెప్పు ఎప్పుడు జారిపోయిందో తెలియకపోవడం ఆ తిమ్మిర్ల మొదటి గుర్తులు. వికారానికి మందు దొరికినంత సులువుగా దీనికి దొరకలేదు. డోక్సోరుబిసిన్ గుండె కండరానికి చేసే హాని ఇంకా తీవ్రమైనది. జీవితకాలంలో ఇంత మోతాదుకు మించి ఇవ్వకూడదన్న హద్దు అందుకే ఉంది.

చైనా వైద్యుడి కంట్లో కీమో

పాత చైనా గ్రంథాల్లో కీమో లేదు. కాబట్టి ‘వేల ఏళ్లుగా కీమో బాధలకు వాడుతున్న వైద్యం’ అన్న ప్రచారానికి అర్థం లేదు. జరిగింది వేరు. 1950ల నుంచి చైనా ప్రభుత్వం సంప్రదాయ వైద్యాన్నీ ఆధునిక వైద్యాన్నీ ఒకే ఆసుపత్రి కప్పు కిందికి తెచ్చింది. ఆ తర్వాత తరాల వైద్యులు కీమో రోగి లక్షణాలను పాత భాషలోకి అనువదించుకున్నారు.

ఆ భాషలో ఒంటిని కాపాడే శక్తి పేరు ‘జెంగ్ చీ’. రోగం ‘షియె’, అంటే బయటి నుంచి వచ్చిన చెడు. కీమో ఆ చెడుతో పాటు జెంగ్ చీ‌నీ కొడుతుంది. కాబట్టి కొట్టే పని కీమోకు వదిలి, నిలబెట్టే పని మూలికలకు అప్పగించాలి. ఈ సిద్ధాంతానికి ‘ఫూజెంగ్’ అని పేరు. నీరసం, పాలిపోయిన ముఖం, తక్కువ కౌంట్లు కలిస్తే దాన్ని ‘చీ, రక్తం రెండూ క్షీణించడం’ అంటారు. వికారం, అన్నం సహించకపోవడం ఉంటే ప్లీహం, కడుపు బలహీనపడ్డాయంటారు. ఇక్కడ ప్లీహం అంటే స్కానింగ్‌లో కనిపించే ప్లీహం కాదు, జీర్ణశక్తికి ఆ వైద్యం పెట్టుకున్న పేరు. తెలుగిళ్లలో ‘ఒళ్లు వేడి చేసింది, చలవ చేసేవి తినాలి’ అన్నప్పుడు థర్మామీటర్‌ను ఎవరూ లెక్కలోకి తీసుకోరు కదా, ఇదీ అలాంటి వాడుకే.

కీమో రోగుల చీటీల్లో మళ్లీ మళ్లీ కనిపించే మూలికలు కొన్నే. హువాంగ్‌చీ, అంటే ఆస్ట్రగాలస్ వేరు. రెన్‌షెన్, అంటే జిన్సెంగ్. దాంగ్‌గుయ్, దాంగ్‌షెన్, బైజూ, ఫూలింగ్ అనే పుట్టగొడుగు జాతి గడ్డ, మన అతిమధురానికి చుట్టమైన గాన్‌సావ్. దాంగ్‌గుయ్ ఒక వంతుకు హువాంగ్‌చీ ఐదు వంతులు కలిపి కాచే కషాయం 13వ శతాబ్దపు వైద్యుడు లీ దోంగ్‌యువాన్ పేరు మీద ప్రసిద్ధం. కౌంట్లు పడిపోయినవారికి దాన్ని ఇప్పటికీ రాస్తారు. ఇంట్లో కాచే తీరు మన కషాయంలాంటిదే. పదీ పదిహేను రకాల ముక్కలు మట్టి కుండలో నానబెట్టి, అరగంట పైన మరగబెట్టి, వడకట్టి, అవే ముక్కలను మళ్లీ కాచి, రెండు నీళ్లూ కలిపి రెండు పూటలకు పంచుకుంటారు. తైవాన్, జపాన్‌లలో ఈ కుండ శ్రమ లేదు. ఫ్యాక్టరీలో తయారైన పొడి ప్యాకెట్లు వేడినీళ్లలో కలుపుకోవడమే.

సూది ముందు పరీక్షకు నిలిచింది

మణికట్టు మడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల వెడల్పు కొలిచి, రెండు నరాల్లా బిగుసుకునే స్నాయువుల మధ్య నొక్కితే ఒక లోతైన చోటు తగులుతుంది. చైనా వైద్యంలో దాని పేరు ‘నెయ్‌గ్వాన్’, వైద్య పత్రికల్లో ‘పీ6’. వికారంపై జరిగిన పరిశోధనలో పెద్ద భాగం ఈ ఒక్క బిందువు చుట్టూ తిరిగింది. 1997 నవంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిపుణుల సమావేశం కీమో వాంతులకు ఆక్యుపంక్చర్ ఆశాజనకమని తేల్చింది. అప్పటి నుంచి రోగులను గుంపులుగా విడదీసి పోల్చి చూసే ట్రయల్స్ జోరందుకున్నాయి.

వాటిలో రొమ్ము క్యాన్సర్‌కు నేరుగా సంబంధించినది 2000లో వచ్చింది. చాలా ఎక్కువ మోతాదు కీమో తీసుకుంటున్న 104 మంది మహిళలను మూడు గుంపులుగా విడదీశారు. ఒక గుంపుకు సూదులతో పాటు సన్నగా కరెంటు పంపే ఎలక్ట్రోఆక్యుపంక్చర్, రెండో గుంపుకు అసలు బిందువులు కాని చోట పైపైన సూదులు, మూడో గుంపుకు వాంతుల మందులు మాత్రమే ఇచ్చారు. మందులు మాత్రం మూడు గుంపులకూ ఒకటే. ఐదు రోజుల్లో వాంతుల సంఖ్య మధ్యస్థంగా 5, 10, 15 అని తేలింది.

ఈ మూడు అంకెల దగ్గర కాసేపు ఆగాలి. 15 నుంచి 5కు తగ్గడం చిన్న విషయం కాదు. అయితే ఉత్తుత్తి సూది కూడా 15ను 10కి దించింది. అంటే కనిపించిన మేలులో సగం సరైన బిందువుది కాదు. పక్కన మనిషి కూర్చోవడం, ఏదో చేస్తున్నారన్న నమ్మకం, ఎక్కడ గుచ్చినా నాడులు స్పందించడం, ఇవన్నీ కలిసి ఆ సగం. మిగతా సగానికి మాత్రం వేరే వివరణ కావాలి. జంతువులపై పరిశోధనలు వేగస్ నాడి వైపు, మెదడు విడుదల చేసే నొప్పి నివారక రసాయనాల వైపు చూపిస్తున్నాయి. చీ ప్రవాహం అన్న భాష లేకుండానే సూది పనిచేసే దారి ఒకటి ఉండవచ్చన్నమాట. ఇంకో సంగతి: ఐదు రోజుల తర్వాత సూదులు ఆపేశాక ఆ తేడా నిలవలేదు.

‘దేనితో పోలిస్తే’ అన్న ప్రశ్న ఇక్కడ మరీ ముఖ్యం. ఆ ట్రయల్‌లో మూడు గుంపులకూ ఇచ్చిన వాంతుల మందులు పాత తరానివి. సెరొటోనిన్‌ను అడ్డుకునే మందులు ఆ చీటీలో లేవు. 2003లో సబ్‌స్టెన్స్ పికి అడ్డుపడే అప్రెపిటాంట్ వచ్చింది. ఒలాంజపైన్ చేరిస్తే వికారం ఇంకా తగ్గుతుందని 2016లో ఒక పెద్ద ట్రయల్ చూపింది. పోటీదారు ఇంత బలపడ్డాక సూదికి మిగిలిన చోటు సహజంగానే కుంచించుకుపోయింది. బ్రిటన్‌లో 500 మంది కీమో రోగులకు మణికట్టు పట్టీలతో పీ6ను నొక్కి చూసిన ట్రయల్ 2013లో ఫలితాలు ప్రకటించింది. అసలు పట్టీ, ఉత్తుత్తి పట్టీ, పట్టీ లేకపోవడం మధ్య గణాంకపరంగా నిలిచే తేడా రాలేదు. అయినా అంతర్జాతీయ ఇంటిగ్రేటివ్ ఆంకాలజీ సంఘం 2017లో రూపొందించి, అమెరికా క్లినికల్ ఆంకాలజీ సంఘం 2018లో ఆమోదించిన మార్గదర్శకాలు రొమ్ము క్యాన్సర్ రోగుల కీమో వికారానికి ఆక్యుపంక్చర్‌నూ ఆక్యుప్రెషర్‌నూ మందులకు తోడుగా పరిశీలించవచ్చన్నాయి. హాని తక్కువ, మేలు జరిగే అవకాశం ఉంది అన్నది ఆ సిఫారసు వెనక లెక్క.

నీరసం విషయంలో 2012లో బ్రిటన్‌లోనే 302 మంది రొమ్ము క్యాన్సర్ రోగులపై ఆరు వారాల ట్రయల్ జరిగింది. వారానికోసారి సూదులు వేయించుకున్నవారిలో అలసట స్పష్టంగా తగ్గింది. కానీ అక్కడ ఉత్తుత్తి సూది గుంపు లేదు. పోలిక మామూలు సంరక్షణతోనే. 2000 నాటి ట్రయల్‌లో ఆ మధ్య గుంపు ఎంత తగ్గించిందో గుర్తుంటే, ఈ ఫలితాన్ని కాస్త తరుగు తీసి చదవాల్సిందే.

తిమ్మిర్ల దగ్గర కథ మలుపు తిరుగుతుంది. పాక్లిటాక్సెల్ ఇస్తున్న వారాల్లోనే ముందు జాగ్రత్తగా ఎలక్ట్రోఆక్యుపంక్చర్ చేస్తే తిమ్మిర్లు రాకుండా ఆపవచ్చేమోనని అమెరికాలో 63 మంది మహిళలపై చూసి 2016లో ఫలితం చెప్పారు. ఆగలేదు. పైగా చికిత్స ముగిసిన నాలుగు వారాలకు నిజమైన సూదులు పడినవారే కాస్త వెనకబడి కోలుకుంటున్నట్టు కనిపించింది. మరోవైపు, వచ్చేసి స్థిరపడిన తిమ్మిర్లకు తర్వాత సూదులు వేస్తే కొంత ఉపశమనం ఉందని 2020లో రెండు చిన్న ట్రయల్స్ చెప్పాయి. నాడి దెబ్బతింటున్నప్పుడు చేసేదీ, దెబ్బతిన్నాక చేసేదీ ఒకటి కాదని దీన్నిబట్టి అనిపిస్తుంది. ఇంత సూక్ష్మమైన తేడా ‘ఆక్యుపంక్చర్ తిమ్మిర్లకు మంచిది’ అనే ఒక్క వాక్యంలో ఇమడదు.

కీమో అయిపోయాక హార్మోన్ మాత్రలతో వచ్చే కీళ్ల నొప్పులకు కూడా సూది మేలు చేస్తుందన్న ఆధారం ఉంది. 226 మందితో జరిగి 2018లో వెలువడిన ట్రయల్‌లో నొప్పి తగ్గుదల నిజమైన సూదితో పది పాయింట్ల కొలతపై సుమారు రెండు పాయింట్లు, ఉత్తుత్తి సూదితో ఒకటి.

కషాయాన్ని పరీక్షించడం ఎందుకు కష్టం

రొమ్ము క్యాన్సర్ కీమో దుష్ప్రభావాలకు చైనా మూలికలు వాడిన ట్రయల్స్‌ను 2007లో, వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే కోక్రేన్ సంస్థ సమీక్ష గాలించింది. దొరికినవి ఏడు, అందులో రోగులు 542 మంది. అన్నీ చైనాలో జరిగి చైనాలోనే అచ్చయినవి, అన్నీ చిన్నవి. ఎముక మూలుగ కోలుకోవడంలో, జీవన నాణ్యతలో కొంత మేలు ఉండవచ్చు గానీ నమ్మకంగా చెప్పేంత ఆధారం లేదని సమీక్షకులు ముగించారు. ఆ తర్వాత చైనాలో ట్రయల్స్ సంఖ్య బాగా పెరిగింది. నాణ్యత మీద ఫిర్యాదు మాత్రం పాతదే.

1998లో వచ్చిన ఒక విశ్లేషణ ఆ ఫిర్యాదును అంకెల్లోకి తెచ్చింది. చైనా, జపాన్, హాంకాంగ్, తైవాన్‌లలో జరిగిన ఆక్యుపంక్చర్ ట్రయల్స్‌లో విఫలమైనది ఒక్కటీ కనిపించలేదు. ప్రతి పరీక్షలోనూ ప్రతి విద్యార్థీ పాసయ్యే బడిలో మార్కుల పట్టీ ఎంత చెబుతుందో అవి కూడా అంతే చెబుతాయి. ఓడిన ట్రయల్స్ అచ్చుకు నోచుకోకపోవడం దీనికి మొదటి కారణం.

రెండో కారణం కషాయంలోనే ఉంది. అంత చేదును, ఆ వాసనను పోలిన ఉత్తుత్తి కషాయం చేయడం కష్టం. తాను ఏ గుంపులో ఉన్నదీ రోగికి తెలిసిపోతుంది. చైనా వైద్యుడు నాలుక చూసి, నాడి పట్టి, ఒక్కో మనిషికి ఒక్కో కూర్పు రాస్తాడు. ట్రయల్‌కేమో అందరికీ ఒకటే కావాలి. పండిన నేల, కోసిన కాలం, ఎండబెట్టిన తీరు మారితే వేరులోని రసాయనమూ మారుతుంది.

ఈ చిక్కును ఎదుర్కొన్న ప్రయత్నాల్లో యేల్ విశ్వవిద్యాలయంలో యుంగ్‌చీ చెంగ్ బృందానిది చెప్పుకోదగ్గది. 1,800 ఏళ్ల నాటి ‘హువాంగ్ చిన్’ కషాయంలోని నాలుగు మూలికలను ప్రతి బ్యాచ్‌లోనూ ఒకే రసాయన ముద్ర ఉండేలా తయారుచేయించారు. ఇరినోటెకాన్ అనే కీమో మందు ఇచ్చిన ఎలుకల్లో అది పేగు గోడ మళ్లీ మొలిచేందుకు సాయపడిందని 2010లో చూపారు. అది పేగు క్యాన్సర్ మందు, ఎలుకల ఫలితం. రొమ్ము క్యాన్సర్‌కు నేరుగా వర్తించదు. కషాయాన్ని మందులా పరీక్షించడం అసాధ్యం కాదని మాత్రం రుజువు చేసింది.

జపాన్ అనుభవం ఇంకో పాఠం. తిమ్మిర్లకు ‘గోషజింకిగన్’ అనే పది మూలికల కూర్పు వాడతారు. దాని మూలం చైనాదే. చిన్న ట్రయల్స్‌లో బాగానే కనిపించింది. ఆక్సాలిప్లాటిన్ తీసుకునే పేగు క్యాన్సర్ రోగులపై ఉత్తుత్తి మందుతో పోల్చి పెద్ద ట్రయల్ చేస్తే, 182 మంది దగ్గర ఆపేయాల్సి వచ్చింది. కూర్పు తీసుకున్నవారిలోనే తిమ్మిర్లు ఎక్కువయ్యాయి. ఇలాంటి బోల్తా మూలికలకే పరిమితం కాదు. నాడులకు మంచిదని మందుల షాపుల్లో అమ్మే అసిటైల్ ఎల్ కార్నిటైన్‌ను 409 మంది రొమ్ము క్యాన్సర్ మహిళలపై పరీక్షిస్తే అదీ తిమ్మిర్లను పెంచింది.

మూలిక అంటే మందే

పాక్లిటాక్సెల్ పుట్టింది పసిఫిక్ యూ చెట్టు బెరడులోంచి. పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మన పెరట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చింది. ఇరినోటెకాన్‌కు మూలమైన పదార్థం చైనా చెట్టుదే. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి హాని లేదనుకుంటే కీమోకూ హాని ఉండకూడదు.

అసలు ప్రమాదం కలయికలో ఉంది. డోసిటాక్సెల్‌ను కాలేయంలోని ఒక ఎంజైమ్ విరగ్గొట్టి బయటికి పంపుతుంది. సైక్లోఫాస్ఫమైడ్ సంగతి తలకిందులు. కాలేయ ఎంజైములు దాన్ని మార్చితేనే అది మందుగా పనిచేస్తుంది. ఒక మూలిక ఆ ఎంజైములను అడ్డుకుందనుకుంటే మొదటి మందు ఒంట్లో పేరుకుని విషమవుతుంది, రెండోది సరిగా పనిచేయక వృథా కావచ్చు. ఇది ఊహాగానం కాదు. చైనా వైద్యంలో ‘వూ వెయ్ జీ’ అనే ఎర్ర పండు ఆ ఎంజైమును ఎంత గట్టిగా అడ్డుకుంటుందంటే, కిడ్నీ మార్పిడి రోగులకు, కొత్త కిడ్నీని ఒళ్లు తిరస్కరించకుండా ఇచ్చే టాక్రోలిమస్ అనే మందు స్థాయి పెంచడానికి చైనాలో దాని క్యాప్సూల్‌ను కావాలనే వాడతారు. తెలిసి వాడితే అది ఉపాయం. చెప్పకుండా కీమో వారంలో తాగితే ఎవరికీ తెలియని ఓవర్‌డోసు.

దాంగ్‌గుయ్ వార్‌ఫరిన్ వంటి రక్తం పలచబరిచే మందుల ప్రభావాన్ని పెంచుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గిన వారంలో అది చిన్న విషయం కాదు. రొమ్ము క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఈస్ట్రోజెన్‌ను వాడుకుని పెరిగేవి. దాంగ్‌గుయ్, జిన్సెంగ్ సారాలు ప్రయోగశాలలో అలాంటి కణాల పెరుగుదలను పెంచిన సందర్భాలున్నాయి కాబట్టి ఆ రకం క్యాన్సర్ ఉన్నవారి విషయంలో వైద్యులు జంకుతారు. గాన్‌సావ్ ఎక్కువైతే పొటాషియం పడిపోతుంది, బీపీ పెరుగుతుంది. అప్పటికే వాంతులు, విరేచనాలతో పొటాషియం కోల్పోయి, గుండెకు హాని చేయగల మందు తీసుకుంటున్న మనిషికి అది గుండె లయ తప్పే దారి. రాలిన జుట్టు రావడానికి చాలామంది ఆశపడే ‘హే షౌ వూ’ వేరు కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు అనేకం నమోదయ్యాయి. జుట్టు విషయంలో నిజంగా పనిచేసే ఉపాయం మూలిక కాదు, కీమో ఎక్కుతున్నంతసేపూ తలను చల్లబరిచే టోపీ. 2017లో వచ్చిన ట్రయల్‌లో దానితో దాదాపు సగం మంది జుట్టు నిలుపుకున్నారు. టోపీ లేనివారిలో ఒక్కరికీ నిలవలేదు.

పొరపాటు మూలిక అన్న ప్రమాదమూ ఉంది. 1990ల తొలినాళ్లలో బ్రస్సెల్స్‌లో బరువు తగ్గించే మాత్రల్లో ఒక చైనా మూలిక స్థానంలో దాని పేరును పోలిన అరిస్టలోకియా చేరింది. వందమందికి పైగా మహిళల కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారిలో కొందరికి తర్వాత మూత్రనాళ క్యాన్సర్లు వచ్చాయి. చైనా ఆసుపత్రుల్లో నరంలోకి ఎక్కించే ‘షెన్‌చీ ఫూజెంగ్’ వంటి మూలికా ఇంజక్షన్ల ధోరణి ఇంకా ఆలోచించదగ్గది. కడుపు అనే వడపోత లేకుండా నేరుగా రక్తంలో కలిసే ఇలాంటి ఇంజక్షన్లతో తీవ్రమైన అలర్జీలు వచ్చిన ఉదంతాలున్నాయి.

మూడు దేశాలు, మూడు పద్ధతులు

చైనాలో సంప్రదాయ వైద్యానికి 2017 జూలై నుంచి ప్రత్యేక చట్టమే ఉంది. సంప్రదాయ వైద్య ఆసుపత్రుల్లోనే క్యాన్సర్ విభాగాలుంటాయి. తైవాన్‌లో 1995లో మొదలైన జాతీయ ఆరోగ్య బీమా చైనా వైద్యానికీ డబ్బు చెల్లిస్తుంది. అందువల్ల ఎవరు ఏ మూలిక ఎన్ని రోజులు వాడారో బీమా రికార్డుల్లో ఉంటుంది. రొమ్ము క్యాన్సర్ రోగులకు అక్కడ ఎక్కువగా రాసేది ‘జియావెయ్ షియావ్‌యావ్ సాన్’ అని ఆ రికార్డులే చెప్పాయి. అది నిద్రపట్టకపోవడం, ఒంట్లో ఆవిర్లు, చిరాకు వంటివాటికి వాడే కూర్పు. జపాన్ 1976 నుంచి తన సంప్రదాయ వైద్యమైన కంపో మూలికా పొడులను బీమాలో చేర్చింది. అక్కడ వాటిని రాసేది మామూలు ఎంబీబీఎస్ స్థాయి డాక్టర్లే. కాబట్టి కీమో చీటీ, మూలికల చీటీ ఒకే చేతిలోంచి వస్తాయి. భద్రత పరంగా ఈ చివరి ఏర్పాటుకు ఉన్న బలం మూలికల గొప్పతనం కంటే ఎక్కువ.

తెలుగు రాష్ట్రాల్లో పరిస్థితి

మన దగ్గర చైనా కషాయాలు అరుదు. ఆక్యుపంక్చర్‌ను కేంద్ర ఆరోగ్య శాఖ 2019లో స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది గానీ క్యాన్సర్ వార్డులో సూది వేసేవారు కనిపించడం తక్కువ. కానీ చైనా కషాయాల మీద లేవనెత్తిన ప్రశ్నలన్నీ మన వంటింటి కషాయాలకూ వర్తిస్తాయి. ప్లేట్‌లెట్లకు బొప్పాయి ఆకు రసం, బలానికి అశ్వగంధ, రోగనిరోధకతకు తిప్పతీగ అంటూ కీమో ఇంటికి వచ్చే ప్రతి చుట్టమూ ఒకటి చెబుతారు. 2020 చివర్లో తిప్పతీగ వాడిన ఆరుగురికి కాలేయం వాచిందని ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఆ నిర్ధారణను ఒప్పుకోలేదు, వాడింది అసలు తిప్పతీగేనా అని ప్రశ్నించింది. ఏది వాడారో తేలకపోవడం కూడా బ్రస్సెల్స్‌లో చూసిన సమస్యే.

చైనా వైద్యానికీ మనకూ ఉమ్మడిగా ఉన్న ఒక వస్తువు మాత్రం మంచి పరీక్షకు నిలిచింది. అది అల్లం. అమెరికాలో 576 మంది కీమో రోగుల ఫలితాలు లెక్కించి 2012లో ప్రచురించిన ట్రయల్‌లో, వాంతుల మందులతో పాటు రోజుకు అర గ్రాము నుంచి ఒక గ్రాము అల్లం పొడి తీసుకున్నవారికి మొదటి రోజు వికారం తగ్గింది. వారిలో ఎక్కువమంది రొమ్ము క్యాన్సర్ రోగులే. ఒకటిన్నర గ్రాములు తీసుకుంటే అదనపు లాభం రాలేదు. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు తీసుకునే రోగులపై తర్వాత జరిగిన మరో ట్రయల్‌లో ఈ మేలు కనిపించలేదు కాబట్టి దీన్నీ అతిగా చెప్పుకోకూడదు.

తోడు వైద్యం బదులు వైద్యంగా మారిపోవడమే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. అమెరికా క్యాన్సర్ రికార్డులను చూసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు చికిత్స వదిలి ప్రత్యామ్నాయ వైద్యం మాత్రమే ఎంచుకున్న రొమ్ము క్యాన్సర్ రోగులకు మరణ ప్రమాదం ఐదు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. అదే ఏడాది అదే బృందం చేసిన మరో అధ్యయనం, తోడుగా వాడినవారిలో కూడా కొందరు ఆపరేషన్‌నో కీమోనో రేడియేషన్‌నో హార్మోన్ మందులనో కాదనుకున్నారనీ, నష్టం ఆ కాదనుకోవడంలోంచే వచ్చిందనీ చూపింది.

ఆచరణలో క్యాన్సర్ వైద్యులు పెట్టే షరతులు కొన్ని ఉన్నాయి. సూదులు వేయించుకునేవారు ఆ వారం రక్తపరీక్ష కాగితం వెంట తీసుకెళ్లాలి. తెల్ల కణాలో ప్లేట్‌లెట్లో బాగా తక్కువగా ఉంటే ఆ రోజు సూది వద్దు. చంకలోని గ్రంథులు తీసేసిన వైపు చేతికి వాపు రాకుండా సాధారణంగా అటు సూదులు మానేస్తారు. కాబట్టి పీ6 కావాలంటే రెండో చెయ్యి. కషాయమో పొడో తాగుతుంటే దాని పేరు నోటితో చెప్పడం చాలదు, ప్యాకెట్టే డాక్టరు ముందు పెట్టాలి. కీమో తర్వాత ఒకటి నుంచి రెండు వారాల మధ్య, కౌంట్లు అడుగున ఉన్న రోజుల్లో, జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఇంట్లో ఏ కుండా పొయ్యి మీద పెట్టకూడదు. అర్ధరాత్రయినా సరే, ఆ గంటలోనే ఆసుపత్రికి బయల్దేరాలి.